పాత సంత మట్టిలో నాణేలు: దొరికిన చోటు కూడా రాసిపెట్టాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది పాత కృష్ణా జిల్లాకి పడమటి కొసన, తెలంగాణ సరిహద్దుకి ఆనుకుని ఉన్న ఊరు. ఊరి బయట చింతతోపులో ఒకప్పుడు వారం వారం సంత జరిగేది. అది హైవే పక్కకి మారి నలభై ఏళ్ళు దాటింది. ఇప్పుడు అక్కడ మిగిలింది నాలుగు చింతచెట్లు, ఆశీలు (సంత పన్ను) వసూలు చేసే పాక పునాది రాళ్ళు. రెండేళ్ళుగా వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే కుర్రాళ్ళు మెటల్ డిటెక్టర్లు పట్టుకుని అక్కడికి వస్తున్నారు.

మొన్న శ్రావణంలో ఒక అబ్బాయి పక్కన నిలబడి చూశాను. మిషన్ కీచుమనగానే కూర్చుని జానెడు లోతు తవ్వాడు. పచ్చగా చిలుం పట్టిన చిల్లు కాణీ బయటపడింది. యుద్ధం రోజుల్లో, 1943 నుంచి, మధ్యలో చిల్లుతో ముద్రించిన ఇంగ్లీషు వాళ్ళ కాణీ. మా నాయనమ్మ అలాంటిదాన్నే మా నాన్న మొలతాడుకి కట్టిందట. ఆ అబ్బాయి దాన్ని అక్కడే చింతపండు, ఇసుక వేసి రుద్దడం మొదలుపెట్టాడు. తళతళలాడింది గానీ, సంవత్సరం అంకెలు సగం అరిగిపోయాయి. వద్దని చెప్పేలోపే అయిపోయింది.

నా బాధ ఆ కాణీ ఖరీదు గురించి కాదు. వంద అడుగుల అవతల, పాక రాళ్ళ దగ్గర, అదే అబ్బాయికి చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ పావలా, అంటే నైజాం ముద్రించిన పావలా, దొరికింది. ఒకే సంతలో రెండు ప్రభుత్వాల డబ్బు! 1948 దాకా అటు కోదాడ, హుజూర్‌నగర్ వైపంతా నైజాం. అక్కడి డబ్బు హాలీ సిక్కా, ఇటు ఇంగ్లీషు వాళ్ళ డబ్బు కల్దారు. నూరు కల్దారు రూపాయలకి దాదాపు నూటపదహారు హాలీ రూపాయలు. మన నూటపదహార్ల చదివింపులు ఆ లెక్క నుంచే వచ్చాయని పెద్దవాళ్ళు అంటారు. అటు నుంచి మిరపకాయలు, ఎడ్లు అమ్ముకోవడానికి వచ్చినవాళ్ళు సంతలోనే డబ్బు మార్చుకునేవారని నాయనమ్మ చెప్పేది. హాలీ నాణేలు పాక దగ్గరే ఎక్కువగా పడి ఉంటే, మారకం చేసేవాళ్ళు అక్కడే కూర్చునేవారని అనుకోవచ్చు. ఈ సంగతి ఏ రికార్డులో వెతికినా దొరక్కపోవచ్చు. ఏ నాణెం ఎక్కడ దొరికిందో రాసిపెడితేనే తెలుస్తుంది. జేబులో అన్నీ కలిపేసుకుని వెళ్ళిపోతే ఇక చెప్పేవాళ్ళు ఉండరు.

తెలంగాణలోని కోటిలింగాల సంగతి చూడండి. గోదావరి ఒడ్డున ఊరి జనానికి దొరికిన నాణేలు పండితుల చేతికి చేరాయి కాబట్టే శాతవాహన రాజు సిముకుడి నాణేలు బయటికొచ్చాయి. గోభద లాంటి, అంతకుముందు ఎవరూ వినని రాజుల పేర్లూ తెలిశాయి. వాటిని ఎవరైనా చింతపండుతో తోమి అమ్మేసి ఉంటే?

చట్టం లేక కాదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాగి ఉన్న సొత్తు పది రూపాయల విలువ దాటితే, దొరికినవాళ్ళు కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. దాస్తే ఏడాది దాకా జైలు, వాటా కూడా పోతుంది. తెలిపితే మాత్రం, సొంతదారు లేడని తేలినప్పుడు, మామూలుగా ముప్పాతిక వంతు దొరికినవాళ్ళకి, పావు వంతు స్థలం యజమానికి. ఈ ముప్పాతిక మాట మా ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. పోలీసులు పట్టుకుపోతారన్న భయం మాత్రం అందరికీ ఉంది. ఇక వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. ఇదీ ఎవరూ చెప్పరు. నేను ఒక ఆఫీసుకి వెళ్ళి అడిగితే, ‘అది మా పని కాదమ్మా’ అని ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. అక్కడా అదే మాట.

గుప్తనిధుల పిచ్చితో గుళ్ళు తవ్వే ముఠాలని నేను వెనకేసుకురావడం లేదు. వాళ్ళ మీద కేసులు పెట్టాల్సిందే. పాత నాణేనికి లక్షలిస్తామని ఫోన్లో ఊరించే మోసగాళ్ళు వేరే ఉన్నారు. తన పేరు వాడుకుని అలా డబ్బు గుంజుతున్నారని 2021లో రిజర్వ్ బ్యాంకే హెచ్చరించింది. కానీ మా తోపుకి వచ్చేది డిగ్రీ చదివే పిల్లలు. వాళ్ళకి ఆసక్తి ఉంది, ఓపిక ఉంది. చేతిలో పెన్ను, కాగితం పెట్టేవాళ్ళే లేరు.

ఇంగ్లండ్, వేల్స్‌లో 1997 నుంచి ఇలా దొరికినవాటిని నమోదు చేసే పద్ధతి నడుస్తోంది. పది లక్షలకి పైగా వస్తువులు రికార్డుకెక్కాయి. మనకి అంత పెద్ద ఏర్పాటు ఇప్పుడే అక్కర్లేదు. మండలానికొక రిజిస్టరు, దాన్ని చూసుకునే ఒక మనిషి, ఫోన్లో ఒక ఫొటో, దొరికిన చోటు గుర్తు, ఎంత లోతు అన్న ఒక్క మాట. చట్టంలో ఏముందో తెలుగులో రాసిన బోర్డు ఒకటి. తవ్విన గుంట పూడ్చాలని కూడా ఆ బోర్డు మీదే రాయాలి. కిందటి నెల మా పక్కింటి వాళ్ళ దూడ ఒక గుంటలో పడి కాలు విరగ్గొట్టుకుంది.

తొందరగా చేయాలి. ఆ తోపు మట్టిని ఇప్పటికే ట్రాక్టర్లలో ఇళ్ళ స్థలాల మెరకకి తోలుతున్నారు. ఆ పిల్లలు నాకిచ్చిన మూడు నాణేలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఏ చెట్టుకి ఎన్ని అడుగుల దూరంలో దొరికాయో కాగితం మీద రాయించి, దానిలోనే చుట్టిపెట్టాను. రిజిస్టరు తెరిచిన రోజు మొదటగా వాటిని తీసుకెళ్ళి నేనే రాయిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరమ్మ,
ఎన్టీఆర్ జిల్లా