దసరా ఆర్డర్లు, కొత్త ధరలు: ఒకేచోట అన్నీ చెప్పేస్తున్నాను

అందరికీ నమస్కారం. దసరాకి, దీపావళికి గోడకి వేలాడదీసే కలంకారీ ప్యానెల్స్ బుక్ చేసుకున్నవాళ్ళు "మాది ఎంతవరకు వచ్చిందండీ" అని రోజూ మెసేజ్‌లు పెడుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాస్తూ కూర్చుంటే కుట్టుపని ఆగిపోతోంది, అందుకే ఇక్కడే అన్నీ రాస్తున్నాను. ముందు అసలు సంగతి: దసరాకి ఇవ్వలేను. చిన్న ఫ్రేములు, దిండు గలీబులు దీపావళికి అందుతాయి. పెద్ద ప్యానెల్స్ మాత్రం కార్తీక మాసం దాటాకే.

కారణం వానలు. నేనుండేది బందరు, అద్దకం జరిగేది పక్కనే పెడనలో. అక్కడినుంచి బట్ట వస్తేనే నా దగ్గర కత్తిరింపు, అతుకులు, కుట్టు మొదలవుతాయి. ఈసారి ముసురు వదలడం లేదు. కరక్కాయ నీళ్ళలో ముంచిన బట్ట బాగా ఆరకుండా అచ్చు వేస్తే గీత పాకిపోతుంది, సన్నటి తీగలన్నీ లావెక్కిపోతాయి. పైగా కాలవలో ఎర్రటి వరద నీళ్ళు. బట్ట జాడించడానికి పారే నీళ్ళు, అదీ తేట నీళ్ళు కావాలి. మా మేస్త్రి గారు "ఎండ రానీండమ్మా, తొందరపడితే బట్ట పోతుంది" అన్నారు. నలభై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్న మనిషి, ఆయన వద్దన్నాక నేను ఒత్తిడి చేయను.

"హీటర్లు, ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టొచ్చు కదా" అని ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే, కాస్త వివరంగా చెబుతాను. ఎరుపు రావాల్సిన చోట అచ్చుతో అద్దేది ఎర్ర రంగు కాదు, తుమ్మబంక కలిపిన పటిక. నలుపుకి వాడేది తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్ళు. కరక్కాయ పట్టిన బట్టకి ఆ ఇనుపనీళ్ళు తగలగానే కళ్ళ ముందే నల్లబడుతుంది. పటిక అలా కాదు, ఎక్కడ వేశారో తెలియడానికి అందులో కాస్త రంగు కలుపుకోవాల్సిందే. అద్దకం అయ్యాక బట్టని కొన్నాళ్ళు కదపకుండా ఉంచాలి, పటిక నూలుకి పట్టాలి, పట్టనిది పారే నీళ్ళలో కొట్టుకుపోవాలి. ఆ తర్వాతే రాగి బానలో ఎర్ర రంగు, జాజాకు వేసి ఉడికించడం. ఉడుకుతున్నప్పుడు కర్రతో పైకి లేపితే బట్ట మొత్తం గులాబీ రంగు తిరిగి ఉంటుంది, పటిక ఉన్న పూరేకులు మాత్రం ముదురు ఎరుపుగా తేలతాయి. ఇక ఆ గులాబీ రంగు ఎలా పోతుంది? గడ్డి మీద పరిచి, నీళ్ళు చిలకరిస్తూ ఎండలో ఉంచితే పోతుంది. పటిక లేనిచోట రంగుకి పట్టు ఉండదు, ఎండకి విరిగి పూల మధ్య ఖాళీగా ఉన్న బట్ట మళ్ళీ తెల్లబడుతుంది. అంటే మాకు ఎండ కావాల్సింది ఆరబెట్టడానికి ఒక్కదానికే కాదు, బట్టని శుభ్రం చేసేదీ అదే. ఆ పని హీటరు చేయలేదు.

ఇంకొందరు "పోనీ ప్రింట్ బట్టతో కుట్టివ్వండి, మాకు పండక్కి గోడ మీద ఉంటే చాలు" అన్నారు. స్క్రీన్ ప్రింట్ మీద నాకు కోపం లేదు, కలంకారీ డిజైన్ల స్క్రీన్ ప్రింట్ మీద కూడా ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. కానీ అచ్చు అద్దకానికి డబ్బు కట్టించుకుని స్క్రీన్ ప్రింట్ పంపడం నావల్ల కాదు. తేడా ఎలా తెలుస్తుందని అడిగేవాళ్ళకి: అచ్చుకి అచ్చు కలిసేచోట చూడండి, గీత ఒక వెంట్రుకవాసి అటో ఇటో జరిగి ఉంటుంది, ఒకచోట రంగు గట్టిగా, ఒకచోట పలచగా పడి ఉంటుంది. స్క్రీన్ ప్రింట్‌లో ప్రతి పువ్వూ అచ్చం పక్క పువ్వులాగే ఉంటుంది. అందుకే ఫొటోలో చూసిన ఎరుపే కచ్చితంగా కావాలంటే నేను మాట ఇవ్వలేను. నీళ్ళు మారినా, ఎండ మారినా ఎరుపు మారుతుంది. ఇకనుంచి బట్ట చేతికి వచ్చాక దాన్నే పగటి వెలుగులో ఫొటో తీసి పంపుతాను, మీరు సరే అన్నాకే కత్తెర పెడతాను.

రంగు పోతుందా అన్న ప్రశ్న ఎప్పుడూ ఉండేదే. ఉతికితే పోని రంగులు కాబట్టే మన కోరమాండల్ తీరం అద్దకం బట్టకి యూరప్‌లో అంత గిరాకీ వచ్చింది. అక్కడి ఉన్ని, పట్టు పనివాళ్ళు గోల పెడితే ఫ్రాన్స్ 1686లో ఈ రకం బట్టల్ని నిషేధించింది, ఇంగ్లండ్ 1721లో వాడకాన్నే ఆపేసే చట్టం తెచ్చింది. అలా బందరు రేవు మీదుగా కూడా మూటలు మూటలుగా వెళ్ళిన బట్ట అది. అయినా ప్యానెల్‌ని నేరుగా ఎండ పడే గోడకి పెట్టొద్దు. నీలం, ఎరుపు చాలాకాలం నిలుస్తాయి, పసుపు ముందు పలచబడుతుంది. దుమ్ము పడితే మెత్తటి బ్రష్‌తో దులపండి, సర్ఫ్ నీళ్ళలో నానబెట్టకండి. మరీ తప్పకపోతే చల్లటి నీళ్ళు, కుంకుడు రసం.

ఇప్పుడు ధర. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు ప్యానెల్ ఇన్నాళ్ళూ 4,800 రూపాయలు, కొత్త ఆర్డర్లకి 6,200. ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్ళకి పాత ధరే. పెంచినదాంట్లో ఎక్కువ భాగం కుట్టే ఆడవాళ్ళకి వెళ్తుంది. మన ప్యానెల్ కింద పొర పాత నూలు చీర, పైన అద్దకం బట్టలోంచి కత్తిరించిన పూలు, ఆకులు, చిలకలు. అంచులు లోపలికి మడిచి కుట్టాక, మన ఇళ్ళల్లో బొంతలకి వేసే కుట్టునే దగ్గర దగ్గరగా వరసలు వేస్తారు. ఆకు మీద ఈనె వాలు ప్రకారం, నీళ్ళున్నచోట అడ్డంగా. దారం లాగినకొద్దీ బట్ట సన్నగా ముడతపడుతుంది, పక్కనుంచి దీపం వెలుగు పడితే ఆ ముడతలన్నీ తేలి కనిపిస్తాయి. నల్ల గీత మీద మాత్రం సూది దిగనివ్వం, దాని పక్కనుంచే పోనిస్తాం. ఇనుము కలిసిన నలుపు ఏళ్ళు గడిచేకొద్దీ నూలుని తినేస్తుంది, అక్కడ సూది రంధ్రాలు కూడా తోడైతే బట్ట చిరుగుతుంది. ఇంత చూసుకుంటూ కుట్టాలంటే కళ్ళు లాగేస్తాయి, నడుము పట్టేస్తుంది. అడుగుల లెక్కన ఇచ్చే పాత కూలీ ఈ పనికి ఏ మూలకీ రాదు. ఇకమీదట కుట్టు ఎంత దట్టంగా ఉందో దాన్నిబట్టి ఇస్తున్నాను.

దారం రంగులు కూడా ఇంట్లోనే వేస్తాను. పసుపు దానిమ్మ తొక్కతో, నీలం నీలిమందుతో. ఈ చల్లదనానికి నీలిమందు తొట్టి సరిగ్గా పులవడం లేదు, కాబట్టి నీలం దారం అడిగినవాళ్ళు ఇంకొంచెం ఆగాలి, లేదా నలుపు, ఇటిక రంగు దారాలు సిద్ధంగా ఉన్నాయి, చెప్తే మారుస్తాను.

ఆగలేనివాళ్ళు మొహమాటపడొద్దు. బహుమతి కోసమో, గృహప్రవేశం కోసమో తీసుకున్నవాళ్ళకి తేదీ ఎంత ముఖ్యమో నాకు తెలుసు. ఆర్డర్ నంబరుతో మెసేజ్ పెట్టండి, కట్టిన డబ్బు మొత్తం వారంలోగా వెనక్కి వేస్తాను, అడ్వాన్స్ కోత ఏమీ లేదు. ఆగుతామన్నవాళ్ళు ఏమీ చేయనక్కర్లేదు, మీ వరస అలాగే ఉంటుంది. పెడన నుంచి బట్ట రాగానే ముందు పెళ్ళి తేదీలు ఉన్న ఆర్డర్లు తీస్తాను, తర్వాత బుక్ చేసుకున్న వరసలో మిగతావి. పెళ్ళి కోసం అని ముందు చెప్పనివాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ఆదివారంలోగా చెప్పండి.