వంపు కుర్చీలు, ఆరు మూలల బల్లలు: ఆలస్యానికి కారణం, ఇకపై పాటించే పద్ధతి

ఈ వానకాలంలో వంపు వీపు కుర్చీలు, ఆరు మూలల టీపాయిలు, వాలుగా నిలిచే కాళ్ల బల్లలు కావాలని మా వడ్రంగి కార్ఖానాకు ఆర్డరిచ్చిన హనుమకొండ, కాజీపేట, జనగామ ఖాతాదారులకు ముందుగా చెప్పవలసిన మాట ఒకటుంది. వాటిలో చాలావరకు దసరాకు అందవు, దీపావళికి అందుతాయి. మంచాలు, బీరువాలు, తలుపులు మాత్రం అనుకున్న తేదీకే ఇస్తాము. చెక్క కోయడం, చిత్రిక పట్టడం పూర్తయ్యాయి కాబట్టి, ఇప్పుడు సమయమంతా అతుకుల దగ్గరే పడుతున్నది.

అతుకుకు రాసిన జిగురు ఆరేదాకా ముక్కలను క్లాంపుతో బిగించి ఉంచాలి. క్లాంపు అనేది ఎదురెదురుగా, సమాంతరంగా ఉన్న రెండు ముఖాలను నొక్కే పనిముట్టు. తలుపు చట్రానికి అది చక్కగా సరిపోతుంది. వాలుగా ఉన్న ముఖం మీద బిగిస్తే ఆ బలంలో కొంత అతుకును దగ్గరకు నొక్కకుండా చెక్కను పక్కకు నెడుతుంది. తడి ఫెవికాల్ మీద ముక్క ఇట్టే జారుతుంది కనుక, ఎంత గట్టిగా బిగిస్తే అంతగా అతుకు తప్పుతుంది. అందుచేత వంపు ముక్కకు బయటి వైపు అదే వంపుతో, క్లాంపు ఆనే వైపు చదునుగా ఉండే దిమ్మెలను ముందుగా చేసుకోవాలి. అవి జారకుండా లోపలి ముఖానికి గరుకు కాగితం అతికిస్తాము.

ఈ దిమ్మెలకు అన్నింటికన్నా అనువైనది ఆ వంపును కోసినప్పుడు మిగిలిన తునకే. ఒకే పలక నుంచి విడిపోయిన రెండు ముఖాలు కనుక ఒకదానికొకటి దాదాపుగా సరిపోతాయి. పాత ఇంటి టేకు దూలాలను తెచ్చి ఇచ్చేవారు మిగిలిన ముక్కలను వెంటనే లెక్కచూసి తీసుకుపోవాలనుకుంటారు, అది వారి హక్కే. కానీ సామాను పూర్తిగా బిగిసేవరకు వాటిని మా దగ్గరే ఉంచమని మనవి. మీకు పొయ్యిలోకి పనికివచ్చేటట్టు కనిపించే ముక్క మాకు ఆ వారమంతా పనిముట్టు.

దిమ్మె నిలవని చోట చిన్న చెక్కముక్కను సామానుకే అతికించి, క్లాంపుకు సమాంతరమైన ఆనిక కల్పిస్తాము. మధ్యలో పాత దినపత్రిక కాగితం ఉంచుతాము కనుక, పని అయ్యాక ఉలి పెట్టి తట్టితే కాగితం పొర దగ్గరే చీలి ముక్క ఊడివస్తుంది, మిగిలినది చిత్రికతో పోతుంది. కార్ఖానాకు వచ్చినప్పుడు మీ బల్లకు ఇలాంటి ముక్కలు అంటుకొని కనిపిస్తే కంగారు పడవద్దు. గుండ్రటి వాటికి సైకిలు ట్యూబును లాగి చుడతాము, లేదా లారీ సరుకుకు కట్టే బెల్టును వాడుతాము.

ఆరు మూలల చట్రం మరీ మొండిది. దానిలో పన్నెండు కోతలు ఉంటాయి, ప్రతిదీ 30 డిగ్రీలు. ఒక్కొక్క దానిలో అర డిగ్రీ ఒకే వైపుకు తప్పితే చివరి అతుకు వద్ద మొత్తం 6 డిగ్రీల సందు తేలుతుంది. అందుకని మూడేసి ముక్కలతో రెండు సగాలు చేసి, అవి ఆరాక కలిసే అంచులను తిరిగి చదును చేసి, ఆ తరువాతే రెండింటినీ కలుపుతాము. తెల్ల జిగురు రాసిన తరువాత సర్దుకోవడానికి చేతిలో ఉండేది కొన్ని నిమిషాలే కాబట్టి, జిగురు లేకుండా ఒకసారి పూర్తిగా బిగించి చూడనిదే సీసా మూత తీయము. వరంగల్ ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటినప్పుడు జిగురు మీద పొర త్వరగా కడుతుంది. వానకాలంలో దానిలోని నీరు చెక్కలోకీ గాలిలోకీ నెమ్మదిగా పోతుంది. ఈ రోజుల్లో పూర్తి బలం రావడానికి కనీసం ఒక రోజు ఆగుతున్నాము. టేకులో సహజమైన నూనె ఉంటుంది కనుక అతికే ముందు థిన్నర్ గుడ్డతో తుడవాలి. తడి జిగురు దగ్గర ఇనుప క్లాంపు తగిలితే చెక్క మీద నల్లటి మరక పడుతుంది, మధ్యలో ప్లాస్టిక్ కాగితం వేయాలి.

స్క్రూలు కొట్టి లప్పం పూస్తే తొందరగా అవుతుంది కదా అని కొందరు అడిగారు. చెక్కను నారకు అడ్డంగా కోసిన చివరి ముఖంలోకి దిగిన స్క్రూ పట్టు తక్కువ. మనిషి కూర్చుని వెనక్కు వాలే కుర్చీకి ఆ పని చేయను, ఆర్డరు పోయినా సరే.

ఇకపై ఇటువంటి సామానుకు దిమ్మెల కూలి బిల్లులో విడిగా రాస్తాము. అదే ఆకారంలో రెండోది చేయించుకుంటే ఆ కూలి ఉండదు, ఎందుకంటే దిమ్మెలను ఏడాది పాటు దాచి ఉంచుతాము. దిమ్మెలు కోసిన తరువాత వంపును గాని, కాలి వాలును గాని మార్చడం వీలుకాదు కనుక, అట్ట మీద గీసిన నిజ కొలత నమూనాను మీరు వచ్చి చూసి సంతకం చేశాకే కోత మొదలుపెడతాము. దీపావళి వరకు ఆగలేనివారు ఈ నెలాఖరులోగా చెబితే అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇస్తాము. సొంత చెక్క ఇచ్చినవారి కోసిన ముక్కలు తునకలతో సహా అప్పగిస్తాము.