మీ డిఫ్లెక్టర్ మూలన ఉన్న లోగో ఒకసారి చూసుకోండి

ఈ ఏడాది మార్చి నుంచి జూన్ దాకా నా దగ్గర మియాటా (మాజ్దా వాళ్ళ టాప్ దించే రెండు సీట్ల కారు) విండ్ డిఫ్లెక్టర్, అంటే సీట్ల వెనక గాలిని ఆపే పలక, కొన్నవాళ్ళు ముందు ఒక పని చేయండి. కారు దగ్గరికి వెళ్ళి, డిఫ్లెక్టర్ కింద కుడి మూలన లేజర్‌తో చెక్కిన చిన్న లోగో చూడండి. అది ముగ్గుపిండితో వేసినట్టు తెల్లగా ఉంటే మీ ముక్క మంచిదే. తెలుపు లేకుండా, గాజు మీద గోరుతో గీసినట్టు మసగ్గా ఉంటే అది తీసేసి నాకు పంపండి. రానుపోను ఖర్చు నాదే.

ఇంగ్లీషులో నాలుగు లైన్ల మెయిల్ అందరికీ వెళ్ళింది. ఇది మనవాళ్ళ కోసం విడిగా రాస్తున్నాను. నా దగ్గర కొనేవాళ్ళలో మూడో వంతు తెలుగువాళ్ళు. అదీకాక, ఈ గొడవలో నేను ఒకాయన్ని తెలుగులోనే మాట అన్నాను. క్షమాపణ మాత్రం ఇంగ్లీషులో చెబితే బాగుండదు.

ఆయన హ్యూస్టన్‌లో ఉంటారు. నాకన్నా పెద్దవారు. ఎన్ఏ (మొదటి తరం మియాటా) కారుకి ఒకటి, తర్వాత ఎన్‌డీకి (నాలుగో తరం) ఒకటి, అల్లుడి కారుకి ఇంకొకటి, మొత్తం మూడు నా దగ్గరే కొన్నారు. జూన్ చివర్లో ఫోటో పంపారు. రెండు బోల్టు రంధ్రాల చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్ళు, సాలెగూడు అల్లినట్టు. నేను రెండు నిమిషాల్లో జవాబు కొట్టాను: "అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ వాడారు కదండీ? డబ్బాలో పెట్టిన కార్డు చదవలేదా?" అని. ఆయన నిదానంగా రాశారు: "అమ్మోనియా కాదు బాబూ, కళ్ళజోడు తుడుచుకునే తడి కాగితాలతో తుడిచాను. వాటి గురించి మీ కార్డులో ఏమీ లేదు."

కార్డు తీసి చూశాను. నిజంగానే లేదు. ఆ తడి కాగితాల్లో ఉండేది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. డిఫ్లెక్టర్ చేసేది యాక్రిలిక్ అనే గాజులాంటి ప్లాస్టిక్‌తో. లేజర్‌తో కోసిన యాక్రిలిక్ అంచుల్లో బిగువు ఉండిపోతుంది. దానికి ఆల్కహాల్ తగిలితే నిమిషాల్లో పగుళ్ళు విచ్చుకుంటాయి. ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే. నాకూ తెలుసు. కార్డు మీద మాత్రం వేయలేదు.

అన్నగారూ, తప్పు నాది. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

అయితే పాత ముక్కల్ని కూడా జనం ఏవేవో పెట్టి తుడిచే ఉంటారు కదా, వాటికి ఏమీ కాలేదేం? వారం రోజులు అదే ఆలోచన. ఆ వారంలో ఇంకో నాలుగు ఫోటోలు వచ్చాయి. అన్నీ మార్చి తర్వాత కొన్నవే. అప్పుడు షెల్ఫ్‌లో మిగిలిన ఒక ముక్క తీసి, ఫిబ్రవరి ముక్క పక్కన పెట్టాను. లోగో ఒకటి తెల్లగా, ఒకటి మసగ్గా.

యాక్రిలిక్ షీటు రెండు రకాలు. రెండు గాజు పలకల మధ్య పోసి గట్టిపరిచేది కాస్ట్. మెషీన్లోంచి పిండి అవతలికి లాగేది ఎక్స్‌ట్రూడెడ్. చేత్తో పట్టుకుంటే తేడా తెలీదు. లేజర్‌తో చెక్కితే మాత్రం కాస్ట్ తెల్లగా తేలుతుంది, ఎక్స్‌ట్రూడెడ్ తేలదు. ఎక్స్‌ట్రూడెడ్ చవక. తయారీలోనే బిగువు ఎక్కువ, ఆల్కహాల్‌కి త్వరగా లొంగుతుంది. నేను ఎనిమిదేళ్ళుగా కొంటున్నది కాస్టే. బిల్లు మీద కాస్ట్ అనే ఉంది. మార్చి నుంచి వచ్చిన షీట్లు మాత్రం కాస్ట్ కాదు.

షీట్లు అమ్మేవాళ్ళకి ఫోన్ చేశాను. ఎనిమిదేళ్ళలో ఒక్క బిల్లు కూడా ఆలస్యం చేయనివాణ్ణి, పండక్కి స్వీట్ బాక్సు పట్టుకెళ్ళి ఇచ్చినవాణ్ణి. అవతలాయన "రెండూ యాక్రిలిక్కే కదా" అన్నాడు. ఆ ఒక్క మాట చాలు, ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. బియ్యం అడిగితే నూకలు కొలిచి, రెండూ వడ్లలోంచి వచ్చినవే అన్నట్టుంది. కాస్ట్ స్టాకు తగ్గిందట, ఎవరో అడక్కుండా మార్చేశారట. నాకు ఫోన్ ఎందుకు చేయలేదంటే, చేసే ఉంటారన్నాడు. చేయలేదు. చివరికి షీట్ల డబ్బు వరకు క్రెడిట్ ఇస్తామన్నారు. కోత, వంపు, ప్యాకింగ్, పోస్టేజీ, నా పేరు, వీటికి వాళ్ళ దగ్గర లెక్క లేదు. ఆ క్రెడిట్ కూడా తీసుకోలేదు. తీసుకుంటే మళ్ళీ వాళ్ళ దగ్గరే షీటు కొనాలి. మా ఆవిడ అది మొండితనం అంది. అవును, మొండితనమే.

నా వంతు తప్పు కూడా చెప్పాలి. మార్చిలోనే లోగో మసగ్గా వస్తోందని చూశాను. లేజర్ లెన్సుకి మసి పట్టిందనుకుని తుడిచి, పవర్ పెంచాను. షీటుని మాత్రం అనుమానించలేదు. ఇంకొకటి: కోసి వంచిన ప్రతి ముక్కనీ ఓవెన్‌లో 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు ఉంచి, మెల్లగా చల్లారనివ్వాలి. అప్పుడే లోపలి బిగువు పోతుంది. వసంతం వచ్చిందంటే టాప్ దించి తిరగడానికి అందరికీ ఒకేసారి డిఫ్లెక్టర్ కావాలి. ఆర్డర్లు మీద పడ్డాయి. వేడి చేయడం మానలేదు కానీ చల్లార్చే సమయం సగానికి కోశాను. విజయవాడలో మా నాన్నకి నేమ్‌ప్లేట్లు, సైన్‌బోర్డుల కొట్టు ఉండేది. ఆయనకి ఓవెన్ లేదు. హీటర్ తీగ మీద వంచిన ప్రతి యాక్రిలిక్ ముక్కనీ పాత బొంతలో చుట్టి తెల్లారేదాకా ముట్టనిచ్చేవాడు కాదు. ఎందుకో అప్పుడు అడగలేదు. మంచి కాస్ట్ షీటు అయితే నా తొందరని సర్దుకునేదేమో. ఈ షీటు సర్దుకోలేదు.

మొత్తం 74 ముక్కలు. అన్నీ మార్చి ఇస్తాను. దాని గురించి ఆలోచించడానికి ఏమీ లేదు. నిద్ర లేకుండా చేసింది వేరే సంగతి: ఇకమీదట దేనితో చేయాలి?

మంచి కాస్ట్ షీటు ఇంకోచోట దొరుకుతుంది. కానీ ఆ పగుళ్ళ ఫోటోలు చూశాక ఒక ఆలోచన పట్టుకుంది. ఈ వస్తువు ఉండేది మీ తల వెనక, జానెడు దూరంలో. యాక్రిలిక్ ఏ రకమైనా గట్టి దెబ్బ తగిలితే వాడి అంచులతో ముక్కలవుతుంది. పాలీకార్బొనేట్ అని ఇంకో రకం ప్లాస్టిక్ ఉంది, అది సుత్తితో కొట్టినా సొట్ట పడుతుందే కానీ ముక్కలు కాదు. మరి ఇన్నేళ్ళూ దాన్ని ఎందుకు వాడలేదు? వంపు కోసం. మామూలు పాలీకార్బొనేట్ మీద ఇట్టే గీతలు పడతాయి. గీతలు పడకుండా పైన గట్టి పూత ఉన్న రకం తీసుకుంటే, వంచగానే ఆ పూత చిట్లుతుంది. నా డిఫ్లెక్టర్‌కి పైన ఉండే ఆ ముందుకు వంగిన అంచు నా డిజైన్. ఎన్ఏ నుంచి ఎన్‌డీ దాకా నాలుగు తరాల మియాటాలకీ విడివిడిగా టెంప్లేట్ గీసి, మడిచే టాప్‌కి తగలకుండా, ఎక్కడ ఎంత వంగాలో చూసుకుని చేసింది. దూరం నుంచి చూసి "ఇది మీదే కదా" అని జనం గుర్తుపట్టేది దాన్నే.

మా అమ్మాయి అడిగింది: "ఆ వంపు గాలి కోసమా నాన్నా, నీ కోసమా?"

సరే, చూద్దాం అన్నాను. టాప్ దించితే గాలి ముందు అద్దం మీంచి తలల పైగా వెనక్కి పోతుంది, లోపల ఒత్తిడి తగ్గుతుంది, ఆ ఖాళీలోకి గాలి వెనక నుంచి సీట్ల మధ్యగా ముందుకు దూసుకొస్తుంది. మెడ మీద కొట్టే గాలి అదే. డిఫ్లెక్టర్ ఆపాల్సింది దాన్ని. సీట్లకీ తల ఆనించే చోటికీ ఉన్ని దారపు ముక్కలు టేపుతో అంటించి, ఆదివారం తెల్లవారుజామున ఐ-35 హైవే మీద గంటకి 65 మైళ్ళ వేగంతో మూడుసార్లు వెళ్ళాం. అమ్మాయి ఫోన్‌లో వీడియో తీసింది. డిఫ్లెక్టర్ లేకుండా వెళ్తే దారాలన్నీ విండ్‌షీల్డ్ వైపు బిగిసి నిలబడ్డాయి. వంపు ఉన్నది పెడితే మెత్తబడి వేలాడాయి. అంతే ఎత్తున్న చదునుది పెట్టినా అలాగే వేలాడాయి. వీడియో పదిసార్లు చూశాను, తేడా దొరుకుతుందేమోనని. తర్వాత ఎత్తు రెండంగుళాలు తగ్గించి చూస్తే తేడా తెలిసింది. కింద సందు వదిలేస్తే తెలిసింది. వంపు తీసేస్తే తెలియలేదు. పైగా చదునుదాంట్లోంచి వెనక కార్లు అద్దంలో వంకర పోకుండా కనబడుతున్నాయి. ఇది నాకు నచ్చకపోయినా నిజం.

కాబట్టి ఇకమీదట చదును పాలీకార్బొనేటే, రెండు వైపులా గట్టి పూతతో, పావు అంగుళం మందం. లేజర్‌తో కోస్తే పాలీకార్బొనేట్ అంచు మాడి గోధుమ రంగుకి తిరుగుతుంది. అందుకని రౌటర్ (తిరిగే బ్లేడుతో కోసే మెషీన్) మీద కోయాలి. అప్పు చేసి కొన్న లేజర్ ఇక కప్ హోల్డర్ బ్రాకెట్ల కోసమే తిరుగుతుంది. వెనక్కి వచ్చే 74 ముక్కల బదులు కూడా ఇవే వెళ్తాయి. పాత వంపుదే కావాలని దయచేసి అడగకండి. ఇప్పటికే ముగ్గురు అడిగారు, ముగ్గురికీ కుదరదన్నాను. తెల్ల లోగో ఉన్న పాతవాటిలో ఏ లోపమూ లేదు. తల వెనక యాక్రిలిక్ వద్దనుకుంటే మాత్రం షీటు ఖర్చుకే మార్చి ఇస్తాను.

మార్పిడి ముక్కలు వారానికి పన్నెండు చేయగలను, ఆర్డర్ ఇచ్చిన వరుసలోనే పంపుతాను. అవన్నీ అయ్యేదాకా కొత్త ఆర్డర్లు తీసుకోను. ఆ తర్వాత ధర 185 నుంచి 215 డాలర్లు. కొత్తది వచ్చేలోపు మసక లోగో ఉన్నది తీసేసే నడపండి. వరుసని బట్టి ఆరేడు వారాల దాకా మెడకి గాలి కొడుతుంది, భరించండి. బోల్టులు బిగించేటప్పుడు డబ్బాలో ఇచ్చిన నైలాన్ లాక్ నట్లే వాడండి. బోల్టు వదులవకుండా పూసే, సీసాలో వచ్చే థ్రెడ్‌లాకర్ జిగురు యాక్రిలిక్‌నీ పాలీకార్బొనేట్‌నీ రెంటినీ తినేస్తుంది. రబ్బరు వాషరు చుట్టూ రంధ్రం కాస్త వదులుగా ఉందని కంగారు పడొద్దు. టెక్సాస్ ఎండకి షీటు సాగుతుంది, ఆ చోటు దానికోసమే.

పాలీకార్బొనేట్ మీద లోగో చెక్కడం కుదరదు, మాడుతుంది. అందుకని స్టిక్కర్ వేస్తున్నాను. నచ్చకపోతే పీకేయండి, ఏమీ అనుకోను. జిగురు మిగిలితే గోరువెచ్చని సబ్బునీళ్ళతో తుడవండి. కళ్ళజోడు కాగితాలతో మాత్రం వద్దు. ఈసారి కార్డు మీద వేశాను.