అరుగుకు గ్రిల్ గురించి

కర్నూలు,
ఆదివారం రాత్రి.

చిన్నోడా,

మొన్న ఫోన్లో నువ్వు, రాత్రిళ్లు ఎవరూ పడుకోకుండా షాపు అరుగుకు గ్రిల్ పెట్టిద్దామని మాట ఎత్తితే "చూద్దాంలే" అని పెట్టేశాను. షాపులో గిరాకీ ఉన్నమాట నిజమే. గిరాకీ లేకపోయినా అప్పుడు చెప్పేవాణ్ణి కాదులే. కొన్ని మాటలు నాకు ఫోన్లో రావు.

నువ్వన్నదాంట్లో తప్పు లేదు. పొద్దున షట్టర్ తీసేసరికి అరుగు మీద బీడీ ముక్కలు, చినిగిన దుప్పట్లు కనబడితే ఆడవాళ్లు మెట్టెక్కడానికి వెనకాడతారు. నీకు తెలియని సంగతేమంటే, గ్రిల్ కంటే చవకైన పని నేను ఎప్పుడో మొదలుపెట్టాను. పోయిన ఎండాకాలం దాకా రోజూ షట్టర్ దించాక రెండు బకెట్ల నీళ్లు అరుగు మీద కుమ్మరించి ఇంటికొచ్చేవాణ్ణి. బండ తడిగా ఉంటే ఎవరూ పడుకోరని. "ఏంది, రోజూ అరుగు కడుగుతున్నావంట, ఇంత శుభ్రం ఎప్పుడు నేర్చినావు?" అని మీ అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. పరుపులు అమ్ముకుని బతికేవాణ్ణి ఇంకొకరి పడక తడుపుతున్నానని ఆమెతో ఎట్లా చెప్పేది?

ఒకరోజు కళ్లజోడు మరిచిపోయి వెనక్కి వస్తే, ఒక పెద్దాయన గోనెసంచితో ఆ నీళ్లు తుడుస్తున్నాడు. నన్ను చూసి లేచి, "పర్వాలేదు సావుకారీ, చల్లగా ఉంటాది" అన్నాడు. ఎగతాళో, మంచితనమో ఇప్పటికీ తెలియదు. మరుసటి రోజు నుంచి బకెట్ ముట్టలేదు.

ఇక అసలు సంగతి. శ్రావణంలో దూది బస్తాలు దిగాయి. నేను ఎప్పటిలాగే ఒక బస్తా మూతి విప్పి చూసి, తెల్లగానే ఉందని సంతకం పెట్టబోతున్నాను. పెద్దాయన అరుగు మీద నుంచి వచ్చి పిడికెడు దూది గుంజాడు. రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకుని లాగాడు, కలిపాడు, మళ్లీ లాగాడు. నాలుగైదు సార్లు అట్లా చేసేసరికి దువ్వెన పెట్టినట్టు పోగులన్నీ ఒక వరసలోకి వచ్చాయి. దాన్ని బొటనవేలి గోరు మీద పరిచి నా ముందు పెట్టాడు. కొన్ని పోగులు గోరు దాటాయి. చాలావాటికి ఆ పొడవు లేదు, గోరు సగంలోనే ఆగిపోయాయి. "పింజ చూడు. పాత పరుపుల దూది ఏకి కలిపినారు. ఆరు నెలలకే గడ్డ కడతాది" అన్నాడు.

అడుగు బస్తా విప్పితే రంగు దారాలు కూడా బయటపడ్డాయి. సరుకు వెనక్కి పంపించాను. ఇరవై ఆరేళ్లుగా ఈ గద్దె మీద కూర్చున్నవాణ్ణి, నాకు సిగ్గేసింది.

పెద్దాయన ఆదోని పత్తి మార్కెట్లో హమాలీగా చేరి, పత్తి చూసే గుమాస్తాల వెనక తిరిగి తిరిగి నేర్చుకున్నాడట. సొంతూరు కోసిగి పక్క. భార్య పోయింది, ఒక వానకు మట్టి మిద్దె కూలింది, కొడుకులు ఏటా సుగ్గికని గుంటూరు పక్కకు మిరపకాయ కోతలకు పోతారు. ఎన్ని నెలలుగానో మన అరుగు మీదే పడుకుంటున్నాడు. ఇడ్లీ పొట్లం ఇచ్చాను, పాత దుప్పటి ఇచ్చాను. నీకేం పని వచ్చు అని మాత్రం అడగలేదు.

నీకు వరద గుర్తుందా? 2009 అక్టోబరు 2. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డాయి. నీకప్పుడు ఆరేళ్లు. షాపులో దూదంతా బురదముద్ద. ఎవరిదో మేడ మీద మూడు రాత్రులు, తర్వాత కల్యాణమండపంలో వారం. పులిహోర పొట్లం కోసం వరసలో నిలబడ్డా సరే, జనం నన్ను "పరుపుల షాపాయన" అనే పిలిచారు. "మళ్లీ ఎప్పుడు తెరుస్తావు?" అని అడిగారు. వాళ్లకు జవాబు చెప్పడానికైనా తెరవాలనిపించింది. ఈయన్ని ఆ మాట అడిగినవాళ్లు లేరు, నాతో సహా.

అట్లాగని ఆయన్ని దేవుణ్ణి చేయకు. ఇప్పుడు వారంలో నాలుగు రోజులు మన దగ్గర పని చేయడానికి వస్తాడు, ఐదో రోజు కనబడడు. శనివారం తాగుతాడు. కవర్లు కుట్టే అబ్బాయితో ఒకటే గొడవ. దబ్బనంలోకి దారం ఎక్కించాలంటే ఆయన కళ్లకు ఆనదు, ఆ అబ్బాయే ఎక్కించివ్వాలి, అదీ తిట్టుకుంటూ.

రాత్రి బసకు ఇల్లు లేనివాళ్ల వసతి గృహానికి పొమ్మని నేనూ చెప్పాను. 2013లో వచ్చిన పట్టణ జీవనోపాధి మిషన్ లెక్కన లక్ష జనాభాకు కనీసం 100 మందికి చోటుండాలి. 2011కే మన ఊరు 4 లక్షలు దాటింది, ఎందరికి ఉండాలో నువ్వే లెక్కవేసుకో. ఆయన ఒకసారి పోయి వచ్చేశాడు. తెల్లారి ఆరింటికి కూలీల అడ్డాలో ఉండాలంటే అక్కణ్ణుంచి ఆటోకు డబ్బులెవరిస్తారని. మన దగ్గర పని లేని రోజు ఆయనకు ఆ అడ్డానే గతి.

ఇంకొక సంగతి విను. ఊళ్లో ఆయన ఓటు ఎప్పుడో పోయింది. ఇల్లు లేనివాళ్లు ఓటు కోసం ఫారం 6 ఇస్తే అడ్రసు కాగితం అడగరట. వాళ్లు రాసిచ్చిన చోటే నిజంగా పడుకుంటున్నారా లేదా అని బూత్ లెవల్ ఆఫీసర్ రాత్రిపూట వచ్చి చూసుకోవాలి, అదీ ఒక్క రాత్రి కాదు. ఆయన ఫారంలో మన షాపు పేరు రాసి, పక్కన "ముందు అరుగు" అని రాయించాడు. బుధవారం రాత్రి పదింటికి ఒకావిడ టార్చిలైటు పట్టుకుని వచ్చింది. నేను అప్పుడే షట్టర్ దించుతున్నా. ఆయన నిద్రపోతున్నాడు. లేపబోతే వద్దంది, "పడుకున్నాడా లేదా అనే కదా నేను చూడాల్సింది" అని రాసుకుని వెళ్లింది. ఇంకో రాత్రి వస్తుందట, ఎప్పుడో చెప్పలేదు.

అందుకే గ్రిల్ మాట ఇక ఎత్తకు. బీడీ ముక్కల సంగతి నేను ఆయనతో మాట్లాడతాను.

దసరాకు వచ్చేటప్పుడు బేగంబజార్ పోయి దబ్బనాలు ఒక డజను పట్టుకురా. బెజ్జం పెద్దగా ఉండేవి చూడు.

మీ నాన్న