మన చిన్న ఉత్పత్తిదారుల సంఘం వార్షిక నివేదిక (2025–26)

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని నిబంధనావళిలో ఉంది కాబట్టి చదువుతున్నాను. దాచడం ఎందుకు, ఈ ఏడాది చదవాలని నాకూ ఉంది. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే. ఆ పేరా మళ్లీ చదివి మీ చేత ఆవలింతలు తీయించను. 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 దాకా జరిగిన పనులకే పరిమితమవుతాను.

"మన పేర్లూ మన పనితనమూ బయటివాళ్లు వాడుకుంటున్నారు, ఏదో ఒకటి చేయాలి" అని కిందటేడు ఇదే హాల్లో తీర్మానించాం. ఆ ఏదో ఒకటి ఏమిటో ఆ రోజు ఎవరికీ తెలియదు, నాతో సహా. పేటెంటంటే పెద్ద కంపెనీల వ్యవహారమని, ట్రేడ్‌మార్కంటే సీసా మీద గుండ్రంగా వేసే ఆర్ అక్షరమని అనుకునేవాళ్లం. కొత్త ఆవిష్కరణ మీద హక్కు పేటెంటని, సరుకు పేరు మీద హక్కు ట్రేడ్‌మార్కని తర్వాత తెలిసింది. ఆ అక్షరం సంగతి తర్వాత చెబుతాను.

ఏప్రిల్ 26 ప్రపంచ మేధోసంపత్తి దినోత్సవం, అంటే పేర్లు, ఆవిష్కరణల వంటి వాటి మీద హక్కుల రోజు. 2025లో అది శనివారం పడింది, ఈ విషయాల మీద సదస్సు అప్పుడే పెట్టాం. ఆ రోజు పెళ్లి ముహూర్తాలు లేవని కల్యాణ మండపం యజమాని అద్దె లేకుండా హాలు ఇచ్చారు, కరెంటు బిల్లు కూడా అడగలేదు. వారికి సంఘం తరఫున కృతజ్ఞతలు. మైకు సెట్టు, కుర్చీలు సగం ధరకు ఇచ్చినవారికి, మజ్జిగ పంపిన పాల కేంద్రం వారికి, దరఖాస్తులు నింపడంలో సాయం చేసిన లా కాలేజీ విద్యార్థులు నలుగురికీ కృతజ్ఞతలు. ఆ పిల్లలు పొద్దున ఎనిమిదింటికే వచ్చారు. నమోదు బల్ల దగ్గర కూర్చుంటామని పేర్లిచ్చిన మన సభ్యులు ఆరుగురు. వచ్చింది ఇద్దరు. మిగతా నలుగురి పేర్లు నా డైరీలో ఉన్నాయి, ఇక్కడ చదవను.

ముఖ్య అతిథిగా జిల్లా స్థాయి అధికారి ఒకరిని పిలవడానికి మూడుసార్లు వెళ్లాం. మూడోసారి వస్తామన్నారు. వేదిక మీద పెద్ద కుర్చీ వేసి, శాలువా కొని, ఫ్లెక్సీ మీద పేరు వేయించాక, పదకొండున్నరకు ఫోను వచ్చింది: వేరే సమావేశం ఉందట. ఆ శాలువాను మన సంఘంలో అందరికంటే పెద్దవారైన కమ్మరి సభ్యుడికి కప్పాం. చప్పట్లు ఎక్కువసేపు మోగింది అప్పుడే.

సదస్సు నిలబడింది పేటెంటు దరఖాస్తులు చేయించే ఏజెంటు ఒకరు చెన్నై నుంచి రావడం వల్ల. మన రాష్ట్ర దరఖాస్తులు చూసే పేటెంటు కార్యాలయం చెన్నై గిండీలో ఉంది, భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే పేరుకు రక్షణ) రిజిస్ట్రీ కూడా అక్కడే. ఆయన రైలు ఛార్జీలు మాత్రమే తీసుకున్నారు. షార్జీపేట నేతబిడ్డ చింతకింది మల్లేశం గారి కథతో మొదలుపెట్టారు. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చుట్టాలంటే, చీరకు సుమారు తొమ్మిది వేల సార్లు చేయి అటూ ఇటూ తిప్పాలి. వాళ్లమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూసి ఆయన యంత్రం చేయడానికి పూనుకున్నారు. ఏళ్ల తరబడి తంటాలు పడ్డాక 1999లో అది పూర్తిగా పనిచేసింది. దానికి అమ్మ పేరే పెట్టారు. 2011లో పేటెంటు, 2017లో పద్మశ్రీ వచ్చాయి. ఇంజనీరింగ్ చదవని మనిషికి పేటెంటు వచ్చిందన్న మాట వినగానే వెనక వరసల్లో ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు తలెత్తారు.

తర్వాత నాట్కో మందుల కంపెనీ సంగతి. పేటెంటు పెద్దవాళ్ల కోటేనా అని ఒక సభ్యుడు కాస్త కోపంగానే అడిగారు. ఏజెంటు హైదరాబాదు కంపెనీనే ఉదాహరణగా చూపించారు. బేయర్ కంపెనీ కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్ మందు నెలకు రెండు లక్షల ఎనభై వేల రూపాయలు ఉండేది. పేటెంటు పొందిన మందు జనానికి అందుబాటు ధరలో దొరకకపోతే, మూడేళ్లు గడిచాక ఇతరులు తయారీకి అనుమతి కోరవచ్చని మన పేటెంట్ల చట్టంలో 84వ సెక్షన్ చెబుతుంది. దాని కింద 2012 మార్చిలో నాట్కోకు లైసెన్సు వచ్చింది. నెలకు ధర 8,880 రూపాయలకు దిగింది. బేయర్‌కు రాయల్టీ కట్టాలన్నారు. దేశంలో ఇలా ఇచ్చిన లైసెన్సు ఇదే మొదటిది. ఆ ధరలు చదివినప్పుడు హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

అమ్మమ్మ నాటి ఆవకాయ పద్ధతికి పేటెంటు వస్తుందా అని మహిళా సభ్యులొకరు అడిగారు. రాదు. సంప్రదాయ జ్ఞానానికి పేటెంటు ఇవ్వకూడదని మన చట్టమే చెబుతోంది. పసుపుతో గాయాలు మాన్పడానికి 1995లో అమెరికాలో పేటెంటు ఇస్తే, మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాలు సాక్ష్యంగా పెట్టి పోరాడింది, 1997లో అది రద్దయింది. మరి ఆవకాయ కొలతలకు రక్షణ ఏమిటంటే, ఎవరికీ చెప్పకపోవడమే అన్నారాయన. ఆవిడ నవ్వి, తన కోడలికి కూడా చెప్పలేదన్నారు.

ఇక మన సంఘం ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవలసిన పనికి వస్తాను.

పచ్చళ్లు, పొడులు తయారుచేసే మన సభ్యురాలొకరు పదిహేనేళ్లుగా ఒకే పేరుతో అమ్ముతున్నారు. పేరు నమోదు చేయించుకోలేదు. "అందరికీ తెలిసిన పేరేగా" అన్నది ఆవిడ మాట. మీలో చాలామంది మాట కూడా అదే. నమోదు కోరిన పేర్లు ప్రకటించే ట్రేడ్‌మార్కుల జర్నల్ ప్రతి సోమవారం ఆన్‌లైన్‌లో వస్తుంది. సదస్సు తర్వాత దాన్ని చూడటానికి నలుగురితో ఒక బృందం వేశాం. వారం తిరిగేసరికి ముగ్గురు జారుకున్నారు. మిగిలినవారు పోస్టుమాస్టరుగా రిటైరైన మన గౌరవ సభ్యులు. ఆయన చూపు మందగించిందని ఇంట్లోవాళ్లు ఎంత చెప్పినా వినకుండా భూతద్దం పెట్టుకుని సోమవారం సోమవారం చూశారు. జూన్‌లో ఆయనకు ఒక పేజీలో ఆవిడ పేరు కనిపించింది. వేరే జిల్లా వ్యాపారి ఒకరు పచ్చళ్ల తరగతిలో అదే పేరుకు దరఖాస్తు చేశారు. ఒకప్పుడు ఆవిడ దగ్గర సరుకు తీసుకుని అమ్మినవారేనట.

జర్నల్‌లో పడిన రోజు నుంచి అభ్యంతరానికి గడువు నాలుగు నెలలు. అది దాటితే ఆ పేరు అవతలివాళ్లదైపోయేది. అభ్యంతర పత్రానికి 2,700 రూపాయలు సంఘం నిధి నుంచి కట్టాం. పేరు వాళ్లకంటే ముందు నుంచీ మనం వాడుతున్నామని చూపించాలి. కంప్యూటర్‌లో ఉన్న లెక్కలు నాలుగేళ్లవే. ఆవిడ మామగారు అటక ఎక్కి బిల్లు పుస్తకాల మూట దించారు. సగం ఎలుకలు కొట్టేశాయి. మిగిలిన సగంలో 2011 నాటి బిల్లు ఒకటి పేరుతో సహా స్పష్టంగా ఉంది, దాని మీద నూనె మరక కూడా ఉంది. ఆ మరక చూసి వకీలుగారే ముందు నవ్వారు. మన అభ్యంతరం అందాక అవతలివాళ్లకు రెండు నెలల్లో జవాబు వేసే గడువు ఉంటుంది. వాళ్లు వేయలేదు. జనవరిలో వాళ్ల దరఖాస్తు విడిచిపెట్టినట్లు రికార్డులోకి ఎక్కింది. ఈలోగా ఆవిడ తన పేరుతో దరఖాస్తు చేశారు. పచ్చళ్లు 29వ తరగతి, కారప్పొడులు 30వ తరగతి, కాబట్టి ఒక్కో తరగతికి 4,500 చొప్పున రెండు రుసుములు. రెండూ కట్టించాం. ఒకటి చాలదా అని అడిగిన వారు ఇకనైనా అడగరని ఆశ.

ఆ సీసాల మీది ఆర్ అక్షరం సంగతి. నమోదు కాని పేరుకు ఆ గుర్తు వేయడం ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం తప్పు, జరిమానా పడవచ్చు. దరఖాస్తు నంబరు రావడమే నమోదు కాదు. దరఖాస్తు దశలో టీఎం అని వేసుకోవచ్చు. మన బజారులో ఒక సాయంత్రం నడుస్తూ అలాంటి సీసాలు, పొట్లాలు చూసుకుంటూ వచ్చాను, చేతి వేళ్లు సరిపోలేదు. వాటిలో కార్యవర్గ సభ్యుల సరుకూ ఉంది. కొత్త లేబుళ్లు కొట్టించేటప్పుడైనా తీసేయండి.

నేత చీరలు అమ్మే సభ్యుల విషయంలో మాత్రం ఏమీ సాధించలేదు. మంగళగిరి చీరలకు భౌగోళిక గుర్తింపు ఎప్పుడో ఉంది. గుర్తింపు సంఘానికి ఉంటే చాలదు, నేసేవారూ అమ్మేవారూ అధీకృత వాడుకదారులుగా విడిగా నమోదు కావాలి. ఆ రుసుమును 2020లో ప్రభుత్వం పది రూపాయలకు తగ్గించింది. అవును, పది రూపాయలు. పవర్‌లూమ్ చీరలను చేనేత పేరుతో అమ్ముతున్నారని ప్రతి సమావేశంలో బల్ల గుద్దేవారు ఆ పది రూపాయల ఫారం తీసుకెళ్లి నాకు తిరిగి ఇవ్వలేదు. తప్పుడు గుర్తింపుతో అమ్మేవారికి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా శిక్ష ఉందని చట్టం చెబుతుంది, కానీ ఫిర్యాదు చేయడానికి మన దగ్గర నమోదైనవారు ఉండాలిగా.

ఇప్పుడు వెల్డింగు షాపు సభ్యుడి మిరపకాయల తొడిమలు తీసే యంత్రం. కల్లాల్లో ఆడకూలీలు వేళ్లు మండుతూ చేసే పని అది. యంత్రం నేను చూశాను, బాగుంది. సదస్సు రోజున ఏజెంటు పెన్ను తెరిచి రాసుకోబోతూ, "దీన్ని ఎవరికైనా చూపించారా?" అని అడిగారు. మన సభ్యుడు గర్వంగా చెప్పారు: 2023 సంక్రాంతికి కొనుగోలుదారు కొడుకు యూట్యూబులో పెట్టాడని, వేలమంది చూశారని. ఏజెంటు పెన్ను మూసేశారు. అందరికీ చూపించాక అది కొత్తది కాదు, కొత్తది కానిదానికి పేటెంటు రాదు. ప్రదర్శనల్లో పెట్టినదానికి పన్నెండు నెలల వెసులుబాటు ఉందిగానీ, అది ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలకే. మన జాతరలో స్టాలు దానికిందకు రాదు.

అదృష్టవశాత్తు, వీడియో తర్వాత ఆయన యంత్రంలో ఒక కొత్త ఏర్పాటు చేశారు. అది బయటకు రాలేదు. అదేమిటో ఈ నివేదికలో కావాలనే రాయలేదు, సమావేశంలో ఎవరూ అడగవద్దు. దానికి 2025 ఆగస్టు 18న 1,600 రూపాయలతో తాత్కాలిక వివరణ పత్రం, అంటే తేదీ ఖాయం చేసుకునే తొలి పేటెంటు దరఖాస్తు, దాఖలు చేయించాం. ఆ తేదీ నుంచి పన్నెండు నెలల్లో పూర్తి వివరణ ఇవ్వాలి, లేకపోతే ఆ దరఖాస్తు పోతుంది. అంటే 2026 ఆగస్టు 18. పూర్తి వివరణకు కొలతలతో డ్రాయింగులు కావాలి. ఆయన నాకు ఇచ్చింది సిమెంటు సంచి మీద సుద్దముక్కతో గీసిన బొమ్మ. చెన్నైకి సంచి పంపలేను. ఐటీఐలో చదివే మన సభ్యుడి కొడుకు గీసిపెడతానన్నాడు, వెల్డింగు సభ్యుడే ఒక పూట షాపు మూసి వాడి పక్కన కూర్చోవాలి. దీపావళి నుంచి చెబుతున్నాను. దీపావళి వెళ్లింది, సంక్రాంతి వెళ్లింది, ఉగాది కూడా వెళ్లింది.

ఇంకా రెండు చిన్న విషయాలు. ఇంటర్నెట్ నుంచి తీసిన ఫొటోను లేబుల్ మీద వేసిన సభ్యుడికి ఫొటో తీసినవారి నుంచి నోటీసు వచ్చింది, రాజీ కుదిరింది. ఇకపై మీ సరుకును మీరే ఫొటో తీయించండి. వైద్య శిబిరం, చలివేంద్రం, వనమహోత్సవం ఎప్పటిలాగే జరిగాయి. వనమహోత్సవంలో నాటిన మొక్కలకు నీళ్లు పోసినవారు వాచ్‌మన్ ఒక్కరే, ఆయనకు ప్రత్యేక కృతజ్ఞతలు.

ఆదాయ వ్యయాల పట్టిక చివరి పేజీలో ఉంది. ఆడిటరుగారు సంతకం చేశారు. అభ్యంతర పత్రం, రైలు ఛార్జీలు, శాలువా ఖర్చులు "సదస్సు, న్యాయ వ్యవహారాలు" కింద చూపించాం. సభ్యత్వ బకాయిలు పెద్ద మొత్తంలోనే ఉన్నాయి. ప్రశ్నలుంటే కోశాధికారిని అడగవచ్చు, ఆయన ఈ రోజు వచ్చారు.

అధ్యక్షులకు, ఉపాధ్యక్షులకు, నా ఫోన్లకు విసుక్కోకుండా జవాబిచ్చిన సహాయ కార్యదర్శికి, ఈ నివేదిక టైపు చేసిన డీటీపీ సెంటరు అబ్బాయికి ధన్యవాదాలు. పోస్టుమాస్టరుగారికి మరోసారి. ఆయనకు వచ్చే నెల కంటి ఆపరేషన్, రెండు నెలల పాటు తెర చూడకూడదన్నారు డాక్టరుగారు. సోమవారం జర్నల్ చూడటానికి ఇద్దరు కావాలి. పేర్లు ఇవ్వదలచినవారు టీ విరామానికి ముందే నా దగ్గరకు రాగలరు. టీ తర్వాత హాల్లో ఎవరూ ఉండరని కిందటేడు చూశాను.

ఇట్లు,
కార్యదర్శి