గరుకు వెండి చేసే పని

ఏరా మామా,

ఎలా ఉన్నావు? మొన్న ఫోన్లో "లోహం గరుకైతే వైశాల్యం పెరుగుతుంది, ఎక్కువ అణువులు అంటుకుంటాయి, అందుకే రామన్ సిగ్నల్ పెరుగుతుంది, అంతేగా?" అని తేల్చేశావు. అంతే కాదురా. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

నువ్వన్న మాటే 1974లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో ఫ్లైష్‌మన్, హెండ్రా, మెక్‌క్విలన్ అనే రసాయన శాస్త్రవేత్తలు కూడా అనుకున్నారు. రామన్ పరిక్షేపణం, అంటే అణువుకి తగిలిన కాంతి రంగు మార్చుకుని చెదరడం, ఎంత బలహీనమో తెలుసుగా, కోటి ఫోటాన్లు తగిలితే ఒకటో అరో రంగు మార్చుకుని వస్తుంది. అలాంటిది లోహానికి అంటుకున్న ఒక్క పొర సేంద్రియ ద్రవం పిరిడిన్‌ని చూడాలంటే ఎలా? వెండి ఎలక్ట్రోడ్‌ని పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ముంచి వోల్టేజీని అటూ ఇటూ తిప్పారు. ఒకవైపు తిప్పితే పైనున్న వెండి సిల్వర్ క్లోరైడ్ అవుతుంది, రెండోవైపు తిప్పితే మళ్ళీ వెండి అవుతుంది. కాకపోతే లేచిన చోటే సర్దుకోదు, గుత్తులుగా పేరుకుంటుంది. అద్దంలాంటి మెరుపు పోతుంది. ఆ మాసిన ముఖం మీదే రామన్ వర్ణపటంలో పిరిడిన్ గీతలు నిటారుగా లేచాయి, 1008 cm⁻¹ దగ్గరొకటి, 1036 cm⁻¹ దగ్గరొకటి.

1977లో జీన్‌మేర్, వాన్ డ్యూయిన్ ఒకవైపు, ఆల్బ్రెక్ట్, క్రైటన్ ఇంకోవైపు లెక్కేసి చూశారు. సిగ్నల్ లక్ష రెట్లు, ఆ పైన పెరిగింది. గరుకుతనం వల్ల వైశాల్యం అంతలా ఎక్కడ పెరుగుతుంది? లెక్క కుదరలేదు.

అసలు సంగతి వెండిలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లది. కాంతి పడితే అవన్నీ ఒక్కటై ఊగగలవు, దాన్నే ప్లాస్మాన్ అంటారు. నున్నటి వెండి మీద నేరుగా పడే కాంతికి ద్రవ్యవేగం సరిపోక ఆ ఊపు పుట్టదు. తరంగదైర్ఘ్యం కన్నా బాగా చిన్న బుడిపెలుంటే పుడుతుంది, బుడిపె పక్కనే విద్యుత్ క్షేత్రం ఎగసిపడుతుంది. క్షేత్రం 30 రెట్లయిందనుకో, అణువు మీద పడే తీవ్రత 900 రెట్లు. అణువు తిరిగి వెదజల్లే కాంతిని కూడా ఆ బుడిపే మళ్ళీ అంతలా పెంచుతుంది. 900ని 900తో గుణించు, ఎనిమిది లక్షలు దాటింది! ఈ రెండో గుణకారం దగ్గర నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుందిరా.

అణువుకీ లోహానికీ మధ్య ఎలక్ట్రాన్లు చేతులు మారడం వల్ల కూడా కొంత పెరుగుతుంది. దానిమీద ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. సింహభాగం మాత్రం క్షేత్రానిదే అని నా నమ్మకం. ఉపరితలానికి కొన్ని నానోమీటర్ల దూరం జరిగితే చాలు, ఈ బలమంతా పడిపోతుంది. అందుకే అంటుకున్న అణువులకే ఈ యోగం. వెండి, బంగారం, రాగి దీనికి బాగా పనికొస్తాయి, బంగారానికి ఎరుపు కాంతి కావాలి.

అన్నిటికన్నా గొప్ప చోటు రెండు కణాల మధ్య ఉండే నానోమీటరు సందు. 1997లో ఒంటరి అణువుల రామన్ సిగ్నల్ కూడా పట్టారంటే అలాంటి సందుల వల్లే. 2008లో ఒక ప్రయోగంలో కొలిచారు: పది లక్షల చోట్లలో 63 మాత్రమే మహా చురుకైనవి, మొత్తం సిగ్నల్‌లో 24 శాతం వాటిదే! ఇబ్బందీ అక్కడే ఉంది. సిగ్నల్ రెట్టింపైతే అణువులు రెట్టింపయ్యాయని అనలేం, ఏవో నాలుగు అణువులు మంచి సందులో పడి ఉండొచ్చు. ఒకే తీరు సందులున్న పలకలు చేయాలని ఇన్నేళ్ళుగా ఇంతమంది తంటాలు పడుతున్నది అందుకే.

చదివాక నీకేమనిపించిందో రాయి. ఉంటానురా.