లంకల ఒడ్డు కోత ఆపే పని వేసవిలోనే మొదలుపెట్టండి

సంపాదకుల వారికి,

కోనసీమ లంకల్లో, అంటే గోదావరి పాయల మధ్యనున్న దీవుల్లో, వరద వచ్చినప్పుడల్లా కొబ్బరిచెట్లు వేళ్లతో సహా గోదాట్లో పడిపోతున్నాయి, పేపర్లో ఫొటో వస్తుంది, నీళ్లు తీశాక అందరూ మర్చిపోతారు. నది మలుపు తిరిగే చోట బయటి ఒడ్డు వైపు నీటి వేగం ఎక్కువ, అందుకే అక్కడ గట్టుని అడుగు నుంచి తొలిచేస్తుంది, పైనున్న మట్టి పెళ్లలుగా విరిగిపడుతుంది. లోపలి ఒడ్డున నీరు నెమ్మదించి ఇసుక మేట వేస్తుంది. ఈ లంకలు పుట్టిందీ అలా మేటేసిన ఒండ్రుతోనే, కాబట్టి నదిని తిట్టి లాభం లేదు. కానీ ఒడ్డు పక్కనే యంత్రాలతో ఇసుక లోతుగా తవ్వితే గట్టు ఇంకా తొందరగా జారిపోతుంది, ఇది మాత్రం మనుషుల పనే.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. నానిన గట్లు చాలాసార్లు కూలేది వరద తీసేటప్పుడే, ఎందుకంటే అప్పటిదాకా ఆనుకుని ఉన్న నీళ్లు గబగబా దిగిపోతాయి. అందుకే వరద తగ్గిందనగానే లంకవాళ్లకి అసలు టెన్షన్ మొదలవుతుంది. పట్టా కాగితంలో ఎకరం అలాగే ఉంటుంది, పొలం ఉండదు. కోత ఎక్కువున్న మలుపుల్లో రాతి కట్టడాలు, గ్రోయిన్లు (ఒడ్డు నుంచి నదిలోకి కట్టే అడ్డుగట్లు) ఈ వేసవిలోనే కట్టాలి, ఒడ్డు దగ్గర తవ్వకాలు ఆపాలి, భూమే పోయినవాళ్లకి పరిహారం ఇవ్వాలి.

– ఒక పాఠకుడు, అమలాపురం